చూడకుండా మోసిన పిల్ల

నూకరత్నానికి ఆశ్చర్యపోవడం చేతకాదని వెలగలంకలో పిల్లాజెల్లా అందరికీ తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ లంకకి ఆవిడే నర్సమ్మ. కాగితాల మీద ఏఎన్‌ఎం అని ఉంటుంది గాని, లంకలో ఆ అక్షరాలు ఎవరికీ పట్టవు. పడవలో పురుళ్ళు పోసింది. తేలు కుట్టినవాణ్ణి తిట్టుకుంటూనే రేవు దాకా నడిపించుకెళ్ళింది. కరోనా రోజుల్లో ఊరంతా తలుపులేసుకుంటే గడపగడపకీ తిరిగి ముక్కుల్లో పుల్లలు పెట్టింది. ఎవరైనా కళ్ళింతలు చేసుకుని "ఎంత వింతండీ నర్సమ్మగారూ" అంటే, "వింతేముంది, చెప్పిన మాట వినకపోతే ఇలాగే అవుద్ది" అని సంచీ సర్దుకునేది. నోరు పెద్దది. మనసూ పెద్దదే గాని, అది బయటపడకుండా నోటిని అడ్డం పెట్టుకుని బతికేస్తోంది.

అలాంటి మనిషి పోయిన ఆగస్టు వరదల్లో పదిరోజుల పాటు వింత చూస్తూ కూర్చుంది. కూర్చోబెట్టినవాడు పెద్ద డాక్టరేమీ కాదు, కొబ్బరి దింపులు తీసే సురేష్‌బాబు.

సురేష్‌బాబుకి ముప్పై ఏళ్ళు లేవు. లంకలో ఏ తోటలో కాయ దింపాలన్నా అతనే. కాళ్ళకి తాడు బందం తగిలించుకుని, మానుని ఛాతీకి హత్తుకుని, మనం రెండు మాటలు మాట్లాడుకునేలోగా చెట్టు చివర మొవ్వులో ఉంటాడు. మాట మాత్రం తక్కువ. "ఆయ్" అంటాడు, "అలాగేనండి" అంటాడు, అక్కడితో సరి. భార్య సాయిదుర్గకి తల్లి లేదు, అందుకని తొలిచూలు పురుడు అత్తారింట్లోనే అనుకున్నారు. ఎనిమిదో నెలలో ఆ పిల్లకి కాళ్ళు పొంగి, తలపోటని గోడకి ఆనుకుని కూర్చుంటే, నూకరత్నం బీపీ చూసి, ఆ నిమిషాన్నే గోదారి దాటించే పంటు ఎక్కించి, పెద్దాసుపత్రికి తోలింది. అక్కడ ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. తూకం కిలోన్నర మీద ఎనభై గ్రాములు.

ఆ బరువు చాలదన్నట్టు నక్షత్రం ఒకటి. పిల్ల మూల, మొదటి పాదంలో పుట్టింది. తండ్రికి గండమన్నారు సిద్ధాంతిగారు. మళ్ళీ మూల వచ్చే ఇరవై ఏడో రోజున శాంతి చేసి, గిన్నెలో నూనె పోసి, ఆ నూనెలో పిల్ల మొహం నీడ చూశాకే తండ్రి పిల్లని చూడాలి. అందాకా కంట పడకూడదు. సురేష్‌బాబు తల్లి వీరవేణి ఈ మాట ఆసుపత్రికి ఫోన్ చేసి మరీ చెప్పింది. పిల్లని అద్దాల గదిలో పెట్టెలో ఉంచిన పధ్నాలుగు రోజులూ అతను ఆ అద్దానికి వీపు పెట్టి వరండాలో నిలబడ్డాడట. నర్సులు ఇటు తిరిగి చూడవయ్యా అంటే, "చూడకూడదండి" అన్నాడట. తల్లీపిల్లా ఇంటికి వచ్చేటప్పుడు కూడా అతను పడవలో ముందు వైపు కూర్చుని గోదారినే చూస్తూ వచ్చాడు.

ఇంటికి వచ్చిన రోజునే నూకరత్నం వెళ్ళి చెప్పాల్సినవన్నీ చెప్పింది. పిల్లకి రెండు కిలోలు దాటేదాకా స్నానం లేదు. తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు. తల్లి పాలు గంటన్నరకో రెండు గంటలకో పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. మిగతా వేళంతా తల్లి బట్టలు తప్పించి ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకోవాలి, మనిషి వేడే మందు. ఎప్పుడైనా ఊపిరి ఆగినట్టుంటే పాదం గోకాలి. ఇవన్నీ చెబుతుంటే వీరవేణి తల ఊపింది, సాయిదుర్గ తల ఊపింది, గుమ్మం అవతల వీపు తిప్పుకుని కూర్చున్న సురేష్‌బాబుని ఎవరూ పట్టించుకోలేదు. నూకరత్నం కూడా పట్టించుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో పురిటిగదిలో మగాడితో ఆవిడకి పని పడలేదు.

మూడోనాటికి గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక అన్నారు. పంటు కట్టేశారు. పోగలిగినవాళ్ళంతా ముందురోజే ఒడ్డున బడిలో పెట్టిన శిబిరానికి పోయారు. కరెంటు పోయింది. ఎర్రనీళ్ళు సందుల్లోకి మోకాలి లోతు వచ్చాయి. సాయిదుర్గకి కుట్ల దగ్గర చీముపట్టి జ్వరం కాస్తోందని కబురొస్తే నూకరత్నం చీర ఎగదోపుకుని, సంచీ నెత్తిన పెట్టుకుని, కర్రతో నేల పొడుచుకుంటూ ఆ ఇంటికి వెళ్ళింది.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి సాంబ్రాణి వాసన.

"స్నానం పోశావా?" అంది నూకరత్నం.

వీరవేణి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ, "ఆసుపత్రి మైల కదండీ నర్సమ్మగారూ. అన్ని రోజులు ఎవరెవరి చేతుల్లో నలిగిందో. గోరువెచ్చగానే పోసేనండి. పొగ కూడా వేసేను" అంది.

నూకరత్నం తిట్టకుండా పిల్ల దగ్గరికి నడిచింది. అదే వీరవేణిని భయపెట్టింది, ఎందుకంటే ఆవిడ తిట్టకుండా ఊరుకున్న రోజు మంచిరోజు కాదు. పిల్ల పాదం ముట్టుకుంటే నీళ్ళకుండ ముట్టుకున్నట్టు ఉంది. చంకలో థర్మామీటరు పెడితే తొంభై ఐదు దగ్గర ఆగిపోయింది. గుడ్డ ఉయ్యాలలా కట్టి కాటాకి తగిలిస్తే పదిహేను వందల నలభై. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు పదహారు వందల ఇరవై ఉన్న పిల్ల. ఏడవడానికి కూడా ఓపిక లేక మూతి మాత్రం కదిలిస్తోంది.

పవర్‌బ్యాంకు పుణ్యమా అని ఫోన్ బతికే ఉంది. పీహెచ్‌సీ డాక్టరు మంజుషగారికి ఫోన్ చేసింది. బోటు పంపించమందామా అంటే, ఈ గాలిలో, ఈ ప్రవాహంలో ఇంత చల్లబడిన పిల్లని గంటసేపు బోటులో తిప్పితే ఒడ్డుకి చేరేసరికి ఏమవుద్దో చెప్పలేనన్నారు డాక్టరుగారు. ముందు వెచ్చబడాలి, తల్లికి ఫలానా మందు మొదలుపెట్టండి, గంట గంటకీ నాకు చెప్పండి అన్నారు.

వెచ్చబరచడం ఎలా? కరెంటు లేదు. సాయిదుర్గ పొట్ట మీద చెయ్యి వేస్తేనే ఉలిక్కిపడుతోంది, పైగా ఒళ్ళు కాలుతోంది. పిల్లని మీద పెడితే అయిదు నిమిషాలకే కన్నీళ్ళు కారిపోయాయి గాని, వద్దని మాత్రం అనలేదు. నూకరత్నమే పిల్లని తీసేసింది. వీరవేణికి మూడు వారాలుగా దగ్గు. క్షయేమోనని గళ్ళ పరీక్షకి పాలకొల్లు పంపిన డబ్బా వరదకి ముందే వెళ్ళింది గాని ఫలితం రాలేదు. అది తేలకుండా ఆ దగ్గు పక్కన పిల్లని పెట్టడం జరిగే పని కాదు. చుట్టుపక్కల ఇళ్ళకి తాళాలు. నూకరత్నం తన జాకెట్టు హుక్కులు తప్పించి, పిల్లని గుండెలకి ఆనించుకుని, పైన చీర చుట్టుకుని గంటసేపు కూర్చుంది. తొంభై ఆరు అయింది. ఈలోగా ఆవిడ ఫోన్ నాలుగుసార్లు మోగింది. తూర్పుపేటలో ఒకరికి విరేచనాలు, రేవు దగ్గర ఒకణ్ణి ఏదో కరిచింది, అది పామో కాదో తెలీదు. లంకలో ఇంకా ఉండిపోయిన గడపలన్నిటికీ నర్సమ్మ ఒక్కతే.

అప్పుడు చూసింది నూకరత్నం అరుగు వైపు. సురేష్‌బాబు నెత్తిన తువ్వాలేసుకుని, ఇంటికి వీపు పెట్టి, వీధిలో పారుతున్న నీళ్ళని చూస్తున్నాడు. చొక్కా లేదు. ఆ వీపు చూసి ఆవిడకి ఒళ్ళు మండింది, ముందు అతని మీద, తర్వాత తన మీద. ఇంత వెడల్పు మనిషిని, ఇంత వేడి ఒంటిని ఇన్నాళ్ళూ అరుగు మీద కూర్చోబెట్టి, చేత్తో కాటా పట్టుకుని ఏం చేయాలా అని తిరుగుతోంది తను.

"సురేషూ, ఇలా రా. పిల్లని నీ ఛాతీ మీద పెట్టాలి."

"చూడకూడదండి" అన్నాడతను, తల తిప్పకుండా.

వీరవేణి గుండె బాదుకోబోయింది. "ఎంత మాటన్నారండీ, ఒక్కగానొక్క కొడుకండీ నాకు" అని మొదలుపెట్టింది. నూకరత్నానికి ఈ నక్షత్రాల మీద పెద్ద గౌరవం లేదు. కాని నమ్మకాన్ని ఎదురుగా తోస్తే తలుపు గడియ పడుతుందని ఇన్నేళ్ళలో నేర్చుకుంది. పక్కన సందు ఎక్కడుందో వెతకాలి. సిద్ధాంతిగారికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, సంగతంతా చెప్పి, "చూడ్డం వద్దన్నారు సరేనండి. ముట్టుకోవడం సంగతేంటండి?" అని అడిగింది.

అవతల ముసలాయన గొంతు స్పష్టంగా వినిపించింది. "దర్శనమే కూడదన్నానమ్మా. స్పర్శ గురించి నేనేమీ చెప్పలేదు. పిల్ల ముందు బతకాలిగా. కళ్ళు మాత్రం జాగ్రత్త."

అంతే, సురేష్‌బాబు లేచి, చేతులూ ఛాతీ సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని గుమ్మం తడుముకుంటూ లోపలికి వచ్చి పడక్కుర్చీలో వాలాడు. ఆ ఛాతీని నూకరత్నం దగ్గరగా చూడటం అదే మొదలు. పదిహేనేళ్ళుగా కొబ్బరి మానుకి రాసుకుని రాసుకుని చర్మం పాత తోలుచెప్పులా గట్టిపడి, అడ్డంగా నిలువుగా చారలు కట్టి ఉంది. ఇంత పువ్వులాంటి పిల్లని దీని మీద ఎలా పెట్టడమా అని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పెట్టింది. టోపీ, మేజోళ్ళు, మొలకి గుడ్డ, అంతే. కప్పపిల్లలా కాళ్ళు మడిచి, చెవి అతని గుండెకి ఆనేలా తల పక్కకి తిప్పి, వీరవేణి పాత నేతచీరతో ఇద్దర్నీ కలిపి చుట్టి ముడేసింది.

"చేతులు ఎక్కడ పెట్టుకోవాలండి?" అన్నాడతను కళ్ళు తెరవకుండా.

"ఒకటి పిల్ల పిర్రల కింద, ఒకటి వీపు మీద. గట్టిగా కాదు. గాలికి చెట్టు ఊగినప్పుడు నువ్వెంత పట్టుకుంటావో అంత."

"ఆయ్" అన్నాడు. ఆ మాట అతనికి బాగానే అర్థమైనట్టుంది.

వీరవేణికి ఇంకా నమ్మకం కుదరక, తువ్వాలు తెచ్చి కొడుకు గడ్డం కింద కట్టి, పిల్ల తల మీదుగా పందిరిలా వేలాడదీసింది. పొరపాటున కళ్ళు కిందికి వాలినా తువ్వాలే కనపడాలని. మంగలి ముందు కూర్చున్నవాడిలా ఉన్నాడు. సాయిదుర్గకి అంత జ్వరంలోనూ నవ్వొచ్చి, కుట్లు లాగి, అబ్బా అంది.

నూకరత్నం తూర్పుపేట వెళ్ళి, అక్కడ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించి, రేవు దగ్గరవాణ్ణి కరిచింది నీటిపామేనని తేల్చి, రెండు గంటల తర్వాత ఆత్రంగా తిరిగొచ్చింది. సురేష్‌బాబు వాలినవాడు వాలినట్టే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, దూలం వైపు. థర్మామీటరు పెట్టింది. తొంభై ఏడూ ఆరు. నమ్మలేక దులిపి మళ్ళీ పెట్టింది. తొంభై ఏడూ ఆరే.

ఈ పద్ధతి గురించి నూకరత్నం మూడు శిక్షణలు తీసుకుంది. రబ్బరుబొమ్మని పెట్టుకుని పదిమందికి నేర్పింది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. అయినా ఆ పాదం ముట్టుకుని అది వెచ్చగా తగిలేసరికి, తను ఇన్నాళ్ళూ నేర్పింది ఏమిటో తనకే మొదటిసారి తెలిసినట్టయింది. మందు లేదు, సూది లేదు, కరెంటు లేదు. ఊరు చుట్టూ సముద్రమంత నీరు. మధ్యలో ఒక మనిషి వేడి ఇంకో మనిషిలోకి ఎక్కుతోంది. ఆవిడ అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు మొదలు సురేష్‌బాబు ఆ కుర్చీ వదల్లేదు. స్నానానికీ కాలకృత్యాలకీ లేచినప్పుడు నూకరత్నమో, జ్వరం తగ్గిన వేళల్లో సాయిదుర్గో పిల్లని పట్టుకునేవారు. ఆ కాస్త సేపూ అతను గుమ్మం బయట ఆదరాబాదరాగా తయారై, కళ్ళు మూసుకుని మళ్ళీ వచ్చి వాలేవాడు. వీరవేణి మూతికి మాస్కు కట్టుకుని కొడుక్కి అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టేది. సాయిదుర్గ మంచం మీద నుంచే పాలు పిండి ఇచ్చేది. ఉగ్గుగిన్నెతో పట్టడం నూకరత్నం వంతో, ఆవిడ లేకపోతే మాస్కు కట్టిన వీరవేణి వంతో. పట్టే ముందు తువ్వాలు ఎత్తాలి కాబట్టి అతను దూలం కేసి చూడాలి. ఆ చూపు ఒక్కసారైనా జారలేదు.

"మెడ పట్టెయ్యదేంటయ్యా?" అని ఒకసారి అడిగింది నూకరత్నం.

"చెట్టెక్కేక కిందికి చూసే అలవాటు లేదండి" అన్నాడు.

మాటలు రాని మనిషి కాస్తా పిల్ల గురించైతే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎడంకాలు ఎక్కువ తన్నుద్దండి. పాలు తాగేక పావుగంటకి ఒళ్ళు వేడెక్కుద్దండి. మా అమ్మ దగ్గితే గుప్పిళ్ళు బిగిస్తుందండి, సాయి మాట్లాడితే వదిలేస్తుందండి. కుడిచెవి మడత పడిందండీ, తగులుద్ది. నూకరత్నం పిల్ల టోపీ ఎత్తి చూస్తే నిజంగానే కుడిచెవి పైఅంచు మడత పడి ఉంది. రోజుకి రెండుసార్లు పిల్లని నఖశిఖపర్యంతం చూసే తనకి ఆ మడత కనపడలేదు. మంచం మీద నుంచి సాయిదుర్గ, "నాకంటే ఆయనకే బాగా తెలుసండి" అంది. ఆ గొంతులో కొంచెం ఉక్రోషం కూడా ఉంది.

నాలుగోనాటి మధ్యాహ్నం నూకరత్నం అతనికి ఎదురుగా స్టూలు మీద కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. ట్యాబ్ చార్జింగు అయిపోయి రెండు రోజులైంది. సురేష్‌బాబు ఏదో చెబుతున్నాడు, వరద ఒక మెట్టు దిగిందనో మరోటో. మాట మధ్యలో ఆపేశాడు. ఆవిడ తలెత్తేలోగా అతని చెయ్యి చీర మడతలోంచి లోపలికి వెళ్ళింది. ఒక క్షణం, రెండు క్షణాలు. చీర కింద అతని బొటనవేలు కదలడం కనిపించింది.

"ఆగిందండి" అన్నాడు మెల్లగా. మళ్ళీ, "వచ్చేసిందండి" అన్నాడు.

నూకరత్నం రిజిస్టరు జారవిడిచి, తువ్వాలెత్తి చూసింది. పిల్ల పెదాల చుట్టూ నీలి ఛాయ అప్పుడప్పుడే విడుతోంది. చూస్తుండగానే పెదాలు ఎర్రబడ్డాయి. చిన్నగా ఏడ్చింది.

"ఇది మూడోదండి" అన్నాడు సురేష్‌బాబు దూలం చూస్తూనే. "నిన్న రెండుసార్లు ఆగింది."

"నిన్న ఆగితే ఇవాళా చెప్పేది?" నూకరత్నానికి కోపం వచ్చింది. "నాకు ఫోన్ చెయ్యొద్దూ?"

"మీరే కదండీ చెప్పేరు, ఆగితే పాదం గోకమని. గోకేను, వచ్చేసింది. మీకు ఫోన్ చేసి, మీరు నీళ్ళలో నడిచి వచ్చేదాకా ఆగుద్దేంటండి?"

ఇంటికొచ్చిన రోజున ఇరవై మాటల్లో ఒక మాటగా చెప్పింది తను, అదీ ఆడవాళ్ళకి. అతను గుమ్మం అవతల వీపు తిప్పుకుని కూర్చుని విన్నాడు. నూకరత్నం జారిన రిజిస్టరు తీసుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"అది సరే. నీకెలా తెలిసింది? ఎదురుగా కూర్చున్న నాకే తెలీలేదు."

సురేష్‌బాబు మాటలు కూడదీసుకున్నాడు. ఇలాంటివి చెప్పే అలవాటు లేదు మరి. "మాను లోపల పుచ్చుంటే పైకి తెలీదండి. పచ్చగానే ఉంటది. ఎక్కుతుంటే మాత్రం ఛాతీకి తెలిసిపోద్ది, సన్నగా ఒకలా వణుకుద్ది. అప్పుడింక ఆలోచించకూడదు, దిగిపోవాలి. ఇది కూడా అంతేనండి. దీని ఊపిరి నా ఛాతీ మీద ఆడుతూ ఉంటదా, ఆగే ముందు సన్నగా తేడా వస్తది. అప్పటికే నా చెయ్యి వెళ్ళిపోద్ది."

ఆసుపత్రుల్లో దీనికోసం యంత్రాలుంటాయి. తీగలు అంటిస్తారు, ఊపిరి ఆగితే కుయ్యోమని మోగుతాయి. అవి కూడా ఆగాకే మోగుతాయి. నూకరత్నం అరుగు మీదికి వచ్చి నిలబడింది. గోదారి సందులోంచి ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. దేవుడి ముందు ఎన్నిసార్లు నిలబడ్డా రాని దడ ఏదో గుండెల్లో. అంత పెద్ద నీటికి ఇవతల, అంత చిన్న ఊపిరిని ఒకడు కళ్ళతో చూడకుండా ఛాతీతో కాపలా కాస్తున్నాడు. డాక్టరు మంజుషగారికి ఫోన్ చేసి చెబితే ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. "నీళ్ళు తగ్గగానే తీసుకొచ్చేయండి రత్నంగారూ. అందాకా పిల్లని ఆ ఛాతీ మీంచి దించకండి" అన్నారు.

రెండు రోజులకి నీళ్ళు తీశాయి. మొదటి పడవలోనే తీసుకెళ్ళారు. సురేష్‌బాబు పిల్లని కట్టుకుని, పైన చొక్కా గుండీలు పెట్టుకుని, గడ్డం కింద తువ్వాలుతో పడవ మధ్యలో కూర్చుంటే జనమంతా అతన్నే చూశారు, అతను మాత్రం ఆకాశం చూశాడు. ఆసుపత్రిలో రక్తం పరీక్షలు చేసి, ఒక రాత్రి ఉంచి, ఫరవాలేదు, ఇలాగే కొనసాగించండని పంపించారు. పదహారు వందల ముప్పై. సాయిదుర్గ కుట్లు కూడా మానుతున్నాయి. తిరిగొచ్చేసరికి వీరవేణి గళ్ళ పరీక్ష ఫలితం వచ్చి ఉంది, రోగమేమీ లేదని. ఆవిడ సంబరంగా మాస్కు తీసేసి, ఒళ్ళు కడుక్కుని, చేతులు చాచుకుని కొడుకు ముందు నిలబడింది.

"ఇలా ఇవ్వరా, నువ్వు కాస్త నడుం వాల్చు."

"ఇప్పుడే పడుకుందమ్మా" అన్నాడతను. సాయంత్రం అడిగినా అదే జవాబు. చివరికి సాయిదుర్గ గదమాయిస్తే భార్యకి మాత్రం పగటిపూట సగం ఇచ్చాడు. ఆ సగమూ గుమ్మం అవతల నిలబడి, ఊపిరి చూస్తున్నావా, చూస్తున్నావా అని ఆమె ప్రాణం తీశాడు.

ఇరవై ఏడో రోజు వచ్చింది. నూకరత్నాన్ని ఎవరూ పిలవలేదు. పొద్దున్నే కాటా పట్టుకుని తనే వచ్చి, తూకం చూసి, పదిహేడు వందల ఎనభై అని రాసుకుని, వెళ్ళిపోవలసింది పోయి ఓ మూల పీట వేసుకుని కూర్చుంది. సిద్ధాంతిగారు పడవలో వచ్చారు. జపాలూ హోమమూ అయ్యాయి. సురేష్‌బాబు పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. కంచుగిన్నెలో నూనె పోసి అతని చేతుల్లో పెట్టారు. పిల్లని సాయిదుర్గ ఎత్తుకుని వెనకాల నిలబడింది, భుజం మీదుగా పిల్ల మొహం నూనెలో పడేలా.

"చూడు బాబూ" అన్నారు సిద్ధాంతిగారు.

అతను గిన్నెలోకి చూశాడు. నూనె నిలవలేదు. అతని చేతులు వణుకుతున్నాయి. ముందు వేళ్ళు, తర్వాత మోచేతుల దాకా. గాలిలో అరవై అడుగుల ఎత్తున ఒంటిచేత్తో గెల నరికే చేతులవి. నూనె మీద అలలు లేచి దూలం ముక్కలు ముక్కలుగా, దీపం ముక్కలు ముక్కలుగా కనపడుతోంది తప్ప పిల్ల లేదు. "కదపకు నాయనా, నిలకడగా పట్టుకో" అన్నారాయన. "ఆయ్" అన్నాడు. ఇంకా వణికాయి. వీరవేణి కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఇదేం అపశకునమో అనుకుంటోంది. ముహూర్తం దాటిపోతోందని సిద్ధాంతిగారు గడియారం చూసుకున్నారు.

పదిరోజులుగా ఏమైపోతుందోనన్న భయాన్ని ఆ మనిషి ఎక్కడ దాచాడో నూకరత్నానికి అప్పుడు అర్థమైంది. లేచి వచ్చింది.

"సిద్ధాంతిగారూ, పిల్ల వెనకాలే ఉండాలని శాస్త్రమాండి? నీడ నూనెలో పడితే చాలదా?"

"నీడ పడాలమ్మా, అంతే. కళ్ళు ముందు నూనెనే చూడాలి."

"అయితే నువ్వు దూలం చూడు సురేషూ" అంది. సాయిదుర్గ చేతుల్లోంచి పిల్లని తీసుకుని, బట్ట తప్పించి, రోజూ పెట్టే చోటే అతని ఛాతీ మీద పెట్టి, ఈసారి మొహం గిన్నె వైపుకి వచ్చేలా తిప్పి, పడకుండా తన చెయ్యి పిల్ల పొట్ట మీద వేసి పట్టుకుంది. పిల్ల అలవాటైన చోటు దొరికినట్టు ఒళ్ళు వదిలేసింది. సురేష్‌బాబు ఒక పెద్ద ఊపిరి తీశాడు. చేతులు ఆగిపోయాయి. నూనె మీద చివరి అల అంచు దాకా వెళ్ళి సద్దుమణిగింది.

"ఇప్పుడు చూడు."

చూపు దూలం మీంచి నేరుగా గిన్నెలోకి దించాడు. నూనెలో రెండు మొహాలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి నిమ్మకాయంత. ఎంతసేపు చూశాడో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎవరి పోలికరా అని తల్లి అడిగినా వినిపించుకోలేదు.

"తెలిసిన పిల్లేనండి" అన్నాడు చివరికి, నూకరత్నంతో.

"గండం తీరింది నాయనా. ఇంక నేరుగా చూసుకో" అన్నారు సిద్ధాంతిగారు.

గిన్నెలోంచి పిల్ల దాకా జానెడు దూరం లేదు. ఆ జానెడూ కళ్ళు దించడానికి అతనికి చాలాసేపు పట్టింది. దించేసరికి పిల్ల నూనె కేసి గాని, దీపం కేసి గాని చూడటం లేదు. మెడ వెనక్కి వాల్చి, కళ్ళు తెరుచుకుని, అతని మొహాన్నే చూస్తోంది. పాలు పట్టడానికి తువ్వాలు ఎత్తిన ప్రతిసారీ అది అలాగే చూసేది. చూడకూడదన్న మాట తండ్రికే గాని పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి నూకరత్నానికి మొదటి రోజు నుంచీ తెలుసు, చెబితే ఆ కళ్ళు ఎక్కడ కిందికి వాలతాయోనని చెప్పలేదు.